కూర్చుని చూసే టీవీ

భాగ్యలక్ష్మి జొన్నరొట్టె చేస్తూ సీరియల్ వింటుంది. చూడదు, వింటుంది. పిండి తట్టే చప్పుడు టీవీ మాటలకు అడ్డం రాకుండా ఎక్కడ తట్టాలో, ఎక్కడ ఆపాలో ఆమె చేతికి బాగా తెలుసు. సీరియల్‌లో అత్త కోడలి మీద విరుచుకుపడేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ప్రకటనలు మొదలవగానే రొట్టె పెనం మీద పడుతుంది. అది కాలే కాస్త వ్యవధిలో గుమ్మం దాకా వచ్చి, దర్వాజకు తల ఆనించి, పక్క నుంచి ఓ చూపు చూసి మళ్లీ పొయ్యి దగ్గరికి పోతుంది. ఇల్లు కట్టినప్పుడు ఆ దర్వాజకు నీలం రంగు వేయించారు. ఆమె తల ఆనే చోట మాత్రం రంగు అరిగి కర్ర బయటపడింది. ఇంటికి వచ్చిన చుట్టాలెవరూ ఆ మచ్చను గమనించలేదు. ఇంట్లోవాళ్లు అసలే గమనించలేదు.

నార్కట్‌పల్లి చౌరస్తా దాటి కాస్త లోపలికి పోతే వాళ్ల ఊరు. రెండు గదుల రేకుల ఇల్లు, వెనక గొర్రెల దొడ్డి. ముందు గదిలో గూట్లో టీవీ, దానికి సరిగ్గా ఎదురుగా మామ గుర్వయ్య మంచం, మంచం పక్కన భర్త పరమేష్ ప్లాస్టిక్ కుర్చీ. అత్త గుర్వమ్మది నేల. వంటింటి గుమ్మానికి కొంచెం ఇవతల, గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. అక్కడి నుంచి టీవీ పక్కవాటంగా కనపడుతుంది కాబట్టి మెడ ఎడమకు తిప్పుకుని చూస్తుంది. అలా చూసీ చూసీ ఆమె మెడ ఎడమకే నిలిచిపోయింది. గడ్డిమోపులు మోసి అలా అయిందని ఊరంతా అనుకుంటారు. ఆమె కూడా అలాగే అనుకుంటుంది.

కోడలికి ఆ నేల కూడా లేదు. మామ ముందు కోడలు కూర్చోదు. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ నోటితో చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు భాగ్యలక్ష్మి ఇల్లు ఊడ్చి, నడుము నొప్పితో మంచం అంచున అలా ఆనిందో లేదో, బయటి నుంచి మామ వచ్చాడు. ఆయన ఏమీ అనలేదు. గడపలోనే ఆగి, దగ్గి, వెనక్కి తిరిగి పోయాడు. అత్త మాత్రం చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "మీ ఇంట్ల గిట్లనే కూసుంటరా?" అంది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటతో పదిహేనేళ్లు దాటిపోయాయి. మాటకు ఎంత బలముంటుందో మనవాళ్లకు తెలిసినంత మరొకరికి తెలియదు కదా.

ఇప్పుడు టీవీ సంగతికి వద్దాం. అది వెనక పొట్ట ఉన్న పాతకాలపు డబ్బా. పోయిన వానాకాలం ఒక ఉరుము ఉరిమిన సాయంత్రం నుంచి అందులో మనుషులంతా పచ్చగా అయ్యారు. వార్తలు చదివే అమ్మాయి పచ్చగా, ముఖ్యమంత్రి పచ్చగా, భక్తి చానల్లో దేవుడు పచ్చగా. క్రికెట్ ఆటలో గడ్డి ఒక్కటే సరైన రంగులో ఉండేది. మెకానిక్ వచ్చి పైన రెండు చరిచి, "కాక, దీనికి నూకలు చెల్లినయి, కొత్తది తెచ్చుకోండ్రి" అని చాయ్ తాగి పోయాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో రోజూ అదే ముచ్చట. ఎప్పుడు కొనాలి? పరమేష్ ట్రాలీ ఆటో నడుపుతాడు, గొర్రెలను సంతలకు మోస్తాడు. ఖాళీ ఉన్నప్పుడల్లా ఫోన్‌లో టీవీల గురించే వీడియోలు చూస్తాడు. ఎల్‌ఈడీ అంటాడు, హెచ్‌డీ అంటాడు, ఫుల్ హెచ్‌డీ అంటాడు, చెట్టుకున్న ఆకులు ఒక్కొక్కటి విడిగా కనపడతాయంటాడు. "దసరా ఆఫర్లల్ల కొనాలె నాయినా. గప్పుడే తక్కువకొస్తది" అంటాడు. గుర్వయ్య మంచం మీద అటు తిరిగి, "పొట్టేళ్లకు సుత గప్పుడే రేటు. గాడ తక్కువకు కొనుడు, గీడ ఎక్కువకు అమ్ముడు. మంచిగ కుదిరింది" అంటాడు. తండ్రీకొడుకులు ఇంత ముచ్చటగా ఏకాభిప్రాయానికి రావడం ఆ ఇంట్లో అరుదు.

పొట్టేళ్లంటే ఎవరివో వాళ్లు చెప్పుకోరు. చెప్పాల్సిన అవసరం లేదు, అందరికీ తెలుసు. పరమేష్ సంపాదన ఆటో కిస్తీలకు పోతుంది. మంద మీద వచ్చేది కూతురు కోమల చదువుకూ, దాణాకూ, దవాఖానకూ పోతుంది. మిగిలింది భాగ్యలక్ష్మి పొట్టేళ్లు రెండు. పెళ్లిలో ఆమె తండ్రి అరణం కింద ఒక గొర్రెను ఇచ్చాడు. అరణం గొర్రె ఈనిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అన్నీ ఆమెవే. గుర్తుకోసం వాటికి వేసే చెవి కోత కూడా వేరే. అమ్మాలంటే ఆమె తన చేత్తో తాడు పట్టుకుని బేరగాడి చేతికి ఇవ్వాలి. ఇంకెవరు ఇచ్చినా మందకు మంచిది కాదంటారు. గుర్వయ్య ఎంత కోపిష్టి అయినా ఈ ఒక్క కట్టుబాటు దాటిన మనిషి కాదు. అందుకని ఆయన ఎప్పుడూ కోడలిని అడగడు. భార్యతో, "ఆమెను అడుగు" అంటాడు. గుర్వమ్మ కోడలి వైపు చూస్తుంది. కోడలు తల ఊపుతుంది. అలా తల ఊపడంలోనే బోరు మోటారు వచ్చింది, రేకులు మారాయి, ఆటో మొదటి కిస్తీ కట్టడమైంది.

కాబట్టి టీవీ ధరను ఆ ఇంట్లో రూపాయల్లో లెక్కపెట్టలేదు. ముప్పై రెండు ఇంచులదైతే ఒక పొట్టేలు, పైన చిల్లర. నలభై మూడు ఇంచుల ఫుల్ హెచ్‌డీ అయితే నిండుగా రెండు పొట్టేళ్లు. తండ్రీకొడుకులిద్దరికీ మనసు రెండు పొట్టేళ్ల టీవీ మీదే ఉంది. ఆ పొట్టేళ్లకు తల్లి పాలు చాలకపోతే సీసాతో పట్టింది ఎవరో, తుమ్మకాయలు ఏరుకొచ్చి మేపింది ఎవరో, కాలికి పుండు పడితే వేపాకు నూరి కట్టింది ఎవరో ఆ లెక్కలోకి రాలేదు. పనిలోకి రాని పనులు అవి. ఆడది ఊపిరి పీల్చినంత తేలిగ్గా చేస్తుందని అందరి నమ్మకం.

"షాపుకు నేను సుత వస్త" అంది భాగ్యలక్ష్మి ఒకరోజు, అన్నం వడ్డిస్తూ.

పరమేష్ నవ్వాడు. చెడ్డవాడు కాదు పరమేష్. తాగి తన్నే రకం కాదు, కూరలో ఉప్పు తక్కువైతే లేచి తెచ్చుకునే మనిషే. "టీవీ కొనుడు నీకేమెరుకనే? సరె తియ్యి, రా. నల్గొండ చూసినట్టయితది" అన్నాడు.

ఆమె ఎందుకు వస్తానందో అతనికి చెప్పలేదు. చెప్పాలంటే ఎండాకాలం సెలవుల సంగతి చెప్పాలి. కోమల గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. చిన్నప్పటి నుంచి సెలవులకు ఇంటికి వస్తే తాత మంచం ఎక్కి, ఆయన కాళ్ల మీద కాళ్లు వేసి టీవీ చూసే పిల్ల. మనవరాలికి అన్నీ చెల్లుతాయి. అలాంటిది ఈసారి వచ్చినప్పుడు మంచం ఎక్కలేదు. ఒక సాయంత్రం భాగ్యలక్ష్మి రొట్టె పెనం మీద వేసి గుమ్మంలోకి వచ్చి తల ఆనించేసరికి, అవతలి చెక్కకు కోమల తల ఆనించి నిలబడి ఉంది. అలాగే, అచ్చం అలాగే, ఒక కాలు మీద బరువు వేసి. "కూసోవే బిడ్డా, తాత దగ్గర" అంటే, "ఏం లేదమ్మా, గిట్లనే మంచిగుంది" అంది. ఆ పిల్లకు కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ రోజు రొట్టె మాడిపోయింది. టీవీ కొనే చోట తనూ ఉండాలని భాగ్యలక్ష్మి ఆ రోజే అనుకుంది.

నల్గొండ షాపులో గోడ నిండా టీవీలు. అన్నింట్లో ఒకే బొమ్మ ఆడుతోంది. అమ్మే అబ్బాయి శ్రీకాంత్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. పరమేష్ వచ్చీరాగానే నలభై మూడు ఇంచులది చూపించమన్నాడు. "చూపిస్త అన్నా. ముందుగాల ఒక ముచ్చట చెప్పు. మీరు టీవీకి ఎంత దూరంల కూసుంటరు? దాన్ని బట్టే సైజు చెప్పాలె. దగ్గర కూసునేటోళ్లకు పెద్దది తీసుకుంటె కళ్లు గుంజుతయి" అన్నాడు శ్రీకాంత్.

పరమేష్ ఉత్సాహంగా షాపు నేల మీదే తన ఇల్లు కట్టేశాడు. "ఇగో, టీవీ గీడ అనుకో. మా నాయిన మంచం గీడ. నా కుర్చీ గీడ. మా అమ్మ అగో, గా గోడ కాడ."

"మేడం?" అన్నాడు శ్రీకాంత్. అలవాటుగా అడిగిన మాటే, అందరినీ అడిగే మాటే.

"ఆమె చూడది" అన్నాడు పరమేష్. "ఆమెకు పనే సరిపోతది."

అందులో వెటకారం లేదు, కోపం లేదు. వర్షం పడుతోంది అన్నట్టు అన్నాడు. భాగ్యలక్ష్మికి తిట్టు తగిలితే ఎలా ఉంటుందో తెలుసు. ఇది అలా లేదు. పదిహేనేళ్లుగా ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషి, కొనడానికి పొట్టేళ్లు ఇస్తున్న మనిషి, ఆ షాపు నేల మీద కట్టిన ఇంట్లో ఎక్కడా లేదు. ఆమె మెల్లగా నడిచి, పరమేష్ చూపించిన మంచం దాటి, గోడ దాటి, తమ ఇంట్లో వంటింటి గుమ్మం ఉండే చోటికి పోయి నిలబడింది. అక్కడ ఫ్రిజ్ ఒకటి ఉంది. దానికి తల ఆనించి, మెడ వంచి టీవీ చూసింది.

బొమ్మ వెలిసిపోయింది. పరమేష్ నిలబడ్డ చోటు నుంచి ఆకు ఆకు విడిగా కనపడే టీవీలో, ఆమె నిలబడ్డ చోటు నుంచి ముఖాలన్నీ బూడిద నీళ్లతో కడిగినట్టు ఉన్నాయి. రెండు పొట్టేళ్లు ఇచ్చి కొంటున్నది తనకు ఇంతే కనపడుతుంది.

"గట్ల పక్కకు పోతె కనపడది మేడం" అని శ్రీకాంత్ గబగబా వచ్చాడు. "ఈ రేట్ల ఏ టీవీ అయిన గంతే. ముంగటికొచ్చి కూసొని చూడుండ్రి." ఒక కుర్చీ లాక్కొచ్చి అన్ని టీవీలకూ ఎదురుగా వేశాడు.

ఆమె కూర్చుంది.

ఆ సమయానికి అందులో ఆమె రోజూ వినే సీరియలే వస్తోంది, నిన్న సాయంత్రం వచ్చిన భాగమే మళ్లీ వేస్తున్నారు. నిన్న రొట్టెలు చేస్తూ మొత్తం విన్నది. అత్త కోడలిని నిలదీసి అడగడం విన్నది, కోడలు ఏడవడం విన్నది, తలుపు దబ్బున పడటం విన్నది. ఆ తరవాత ఏవో వాయిద్యాలు మోగితే ప్రకటనల ముందు వచ్చే మోతేలే అనుకుని పిండి కలపడానికి పోయింది. ఇప్పుడు కూర్చుని చూస్తే, తలుపు మూసుకున్న తరవాత ఆ అత్త అక్కడే గోడకు ఆనుకుని, పైట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఒక్క మాట లేదు. బుగ్గ మీద పౌడరు చీల్చుకుంటూ కన్నీళ్లు దిగుతున్న చార కనపడుతోంది. కోడలు ఇవతలి పక్క తలుపు మీద చెయ్యి వేసి, కొట్టాలా వద్దా అని ఆగిపోయింది. అక్కడా మాట లేదు.

ఇన్నేళ్లూ భాగ్యలక్ష్మి ఆ అత్తను రాక్షసి అనుకుంది. కథలో సగం మాటలు లేని చోటే జరుగుతోంది. ఆ సగం ఆమెకు ఎప్పుడూ అందలేదు. మాటలు వినపడ్డాయి కాబట్టి కథ తెలుసు అనుకుంది. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి, సీరియల్ కోసమో తన కోసమో ఆమెకే తెలియదు. తుడుచుకోలేదు. కూర్చున్న చోటు నుంచి లేవాలనిపించలేదు. వీపుకు ఆనుకోవడానికి ఏదో ఉండటం, కాళ్ల మీద బరువు లేకపోవడం, మెడ తిన్నగా ఉండటం, ఇంత చిన్న సుఖం కోసం నల్గొండ దాకా రావాలా అనిపించింది.

"మస్తుందిలే. కట్టియ్యమంటవా?" అన్నాడు పరమేష్. అడ్వాన్సు పైసలు జేబులోంచి తీస్తున్నాడు.

"ఇయ్యాల వద్దు" అంది భాగ్యలక్ష్మి.

"ఏందే? ఆఫరు దసరా దాకనే!"

శ్రీకాంత్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఫికర్ లేదన్నా. దీపావళికి సుత ఉంటది, కొత్త సంవత్సరానికి సుత ఉంటది. ఆఫరు లేని నెల మాకు లేదు. మేడం ఎప్పుడంటె గప్పుడు రండ్రి" అన్నాడు. బేరం పోతున్నా అంత నిజం చెప్పిన ఆ అబ్బాయికి భాగ్యలక్ష్మి మనసులోనే దండం పెట్టింది.

తిరుగుదారిలో ట్రాలీ ఆటోలో పరమేష్ చాలాసేపు మూతి ముడుచుకున్నాడు. చివరికి, "ఏమైంది నీకు? ఏం తక్కువైంది టీవీల?" అన్నాడు.

"నాకు కూసునే జాగ తక్కువైంది."

అతనికి అర్థం కావడానికి కొంత దూరం పట్టింది. అర్థమయ్యాక నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నిన్నెవరు కూసోవద్దన్నరే? మా నాయిన అన్నడా? నేనన్ననా?"

భాగ్యలక్ష్మి నిజాయితీగా ఆలోచించింది. ఎవరన్నారు? ఎవరి ముఖమూ గుర్తుకు రాలేదు. "ఎవ్వలు అన్లే" అంది. "కూసో అని సుత ఎవ్వలు అన్లే."

పరమేష్ రోడ్డు వైపు చూస్తూ ఆటో నడిపాడు. కాదని అనలేదు, అదే ఆమెకు కొంచెం తృప్తి.

దసరా దగ్గర పడ్డాక బేరగాడు వచ్చాడు. గుర్వయ్య దొడ్డి దగ్గర నిలబడి రెండు పొట్టేళ్లనూ బయటి గుంజకు కట్టించాడు. భాగ్యలక్ష్మి కొంగు నెత్తి మీదికి లాక్కుని వచ్చి, పెద్ద పొట్టేలు తాడు విప్పి బేరగాడి చేతిలో పెట్టింది. రెండో దాని తాడు గుంజకే ఉంచి, దాని ముందు గడ్డి వేసి, ఇంట్లోకి పోయింది. గుర్వయ్య బిత్తరపోయి కొడుకు వైపు చూశాడు. కొడుకు ఆకాశం వైపు చూశాడు. అడుగుదామంటే కోడలితో మాట్లాడే అలవాటు లేదు, అడక్కుండా తాడు విప్పుదామంటే కట్టుబాటు ఒప్పుకోదు. ఆ పెద్దాయన తన కట్టుబాటులోనే ఇరుక్కుపోయిన తీరు చూస్తే నాకైతే నవ్వొస్తుంది. ఆడవాళ్లకు అన్ని దారులూ మూసేసిన చోట కూడా ఎక్కడో ఒక సందు ఉంటుంది. దాన్ని చూసినవాళ్లు చాలామందే ఉంటారు, అందులోంచి నడిచి బయటికి వచ్చేవాళ్లు కొందరే.

మరునాడు ఆ పొట్టేలు పైసలతో ఆమె నార్కట్‌పల్లి పోయింది. హైవే పక్కన వరసగా సోఫాలు, మంచాలు, కుర్చీలు పెట్టి అమ్ముతారు. ఒక్కో కుర్చీలో కూర్చుని చూసింది. లేచి, ఇంకో దాంట్లో కూర్చుంది. లారీలవాళ్లు చూస్తున్నా ఆగలేదు. చివరికి ఇనప చట్రానికి ఎర్ర వైరు అల్లిన కుర్చీలు రెండు ఎంచుకుంది. మిగిలిన పైసలు టీవీ కోసమే ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆమె టీవీ వద్దనుకోలేదు మరి. అందరికంటే ఎక్కువ ఆమెకే కావాలి.

కుర్చీలు రెండూ ముందు గదిలో, మామ మంచానికి ఇవతల, టీవీకి ఎదురుగా వేసింది. "ఒకటి నాకు. ఒకటి నీకు అత్తమ్మా" అంది.

గుర్వమ్మ కుర్చీని ఎగాదిగా చూసింది. "నాకెందుకే? నా వీపుకు గా గోడనే అలవాటైంది" అని పోయి తన చోట కూర్చుంది. సాయంత్రం రొట్టెలన్నీ ముందే చేసి, పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని భాగ్యలక్ష్మి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. పురుటినొప్పులప్పుడు కూడా ఇంత భయపడలేదు. కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పచ్చగా ఏడుస్తున్న సీరియల్ కోడలి వైపు కళ్లు ఆర్పకుండా చూసింది. గుర్వయ్య దగ్గాడు. మళ్లీ దగ్గాడు. ఒకప్పటి దగ్గుకు ఆమె ఎగిరి లేచి నిలబడింది. ఈ దగ్గుకు ఆమె లోపల ఆ పాత కోడలు లేచి నిలబడింది గానీ, కుర్చీలో ఉన్న మనిషి కదలలేదు. ఆయన గొంగడి భుజాన వేసుకుని దొడ్డిలోకి పోయాడు.

అలా రోజూ సాగింది. ఆయన పొద్దుగూకే వేళకు దొడ్డిలోకి పోవడం, గుర్వమ్మ అన్నం పళ్లెం అక్కడికి మోసుకుపోవడం. దసరా సెలవులకు వచ్చిన కోమల ఇదంతా చూసి, వెళ్లి అమ్మ కుర్చీకి ఆనుకుని కింద కూర్చుంది. దర్వాజ దగ్గరికి మళ్లీ పోలేదు. ఊళ్లో ఒకరిద్దరు నోరు పారేసుకున్నారు కూడా. "కోడలు కుర్చీ ఎక్కితె మామ దొడ్డిల పడ్డడు" అన్నారట. భాగ్యలక్ష్మికి అన్నం సహించలేదు. చేసింది తప్పేమోనని కాదు, అత్త ఒక్క మాటైనా అనకపోవడమే ఆమెను తినేసింది. పెళ్లయిన కొత్తలో అన్న ఆ మాటను మళ్లీ ఎప్పుడంటుందా అని చెవులు రిక్కించుకుని ఉంది.

కోమల బడికి తిరిగి వెళ్లాక, ఒక సాయంత్రం గుర్వయ్య గడపలో నిలబడి, ఎవరినీ చూడకుండా, "ఇంట్ల మొగోనికి జాగ లేకుంట చేసిండ్రు" అన్నాడు.

గుర్వమ్మ అప్పుడే ఆయన పళ్లెం పట్టుకుని లేచింది. దొడ్డి వైపు పోకుండా తిరిగి, పళ్లెం తీసుకుపోయి ఖాళీగా ఉన్న మంచం మీద పెట్టింది. "నీ మంచం ఆడనే ఉన్నది" అంది. "ఎవ్వలు గుంజుకోలే. తింటె వచ్చి తిను."

అని వెళ్లి రెండో కుర్చీలో కూర్చుంది. ఆ ఇంటికి వచ్చి నలభై ఏళ్లు దాటిన మనిషి, మొగుడి ఎదుట కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. టీవీ ఎదురుగా ఉంది, మెడేమో ఎడమకు ఉంది. తిన్నగా తిప్పబోయింది. రాలేదు. చేత్తో మెడ పట్టుకుని ఇంకోసారి ప్రయత్నించింది. భాగ్యలక్ష్మి లేవబోతే, "నువ్వు కూసో" అంది. కూసో. ఆ ఇంట్లో ఆ మాట కోడలితో అన్న మొదటి మనిషి ఆమె. తరవాత తనే లేచి, కుర్చీని రెండు చేతులా పట్టుకుని కుడి పక్కకు తిప్పుకుని, మళ్లీ కూర్చుంది. ఇప్పుడు వంకర మెడకు టీవీ సరిగ్గా ఎదురైంది. మెడ సరికాకపోతే కుర్చీని తిప్పుకున్న ఆ ముసలమ్మను చూసి భాగ్యలక్ష్మికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లూ తలుపు అవతల ఈమె కూడా మాటలు లేకుండా ఎన్ని చేసిందో, తను వాటిని ఎప్పుడు చూసింది గనక.

గుర్వయ్య ఆ రోజు మంచం మీదికి రాలేదు. పళ్లెం మాత్రం చెయ్యి చాపి తీసుకుని గడపలో కూర్చుని తిన్నాడు.

చలి మొదలయ్యే నాటికి టీవీకి ఇంకో జబ్బు చేసింది. పచ్చదనం పోయి బొమ్మే పోయింది. తెర నల్లగా ఉంటుంది, మాటలు మాత్రం వినపడతాయి. పరమేష్ పైన ఎంత చరిచినా బొమ్మ రాలేదు. గదిలో అందరూ చీకటి తెర ముందు కూర్చుని వినాల్సి వచ్చింది. వినడం వాళ్లకు రాదు. తలుపు పడితే ఎవరు పోయారో తెలియదు, వాయిద్యం మోగితే ఏమైందో తెలియదు. ఆ ఇంట్లో ఆ విద్య వచ్చింది ఒక్కరికే.

"గిప్పుడు అత్త ఏడుస్తాంది" అని చెప్పేది భాగ్యలక్ష్మి, కుర్చీలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని అనపకాయ ఒలుస్తూ. "తలుపు అవుతల ఉన్నది కోడలు. కొట్టాల్నా వద్దా అని చూస్తాంది."

"నీకెట్ల ఎరుక?" అనేవాడు పరమేష్.

"మాట ఆగింది గద. మాట ఆగినకాడ చూడాలె."

మొదట గుర్వయ్య గడపలోంచి విన్నాడు. చలి పెరిగాక గడప లోపలికి వచ్చాడు. ఒకరోజు మంచం మీదే వచ్చి కూర్చున్నాడు, గొంగడి చుట్టుకుని, వాళ్ల వైపు చూడకుండా. అత్తాకోడళ్లు కుర్చీల్లోంచి కదలలేదు. సీరియల్‌లో ఏదో పెద్ద గొడవ నడుస్తోంది. అందరూ ఒకేసారి అరిచి, ఒకేసారి ఆగిపోయారు. నిశ్శబ్దం. భాగ్యలక్ష్మి అనపకాయలు ఒలుస్తూ ఏమీ చెప్పలేదు. గుర్వయ్య ఆగాడు, ఆగాడు, ఇక ఆగలేకపోయాడు.

"ఏమైతాంది బిడ్డా?" అన్నాడు.

పదిహేనేళ్లలో మామ ఆమెను నేరుగా అడిగిన మొదటి మాట. ఆమె చెప్పింది, కోడలు ఇంట్లోంచి పోతాంటె అత్త చెయ్యి పట్టుకున్నది మామా, విడుస్తలేదు అని. ఆయన తల ఊపాడు. కాసేపు నల్లటి తెరను చూశాడు. తరవాత, ఈసారి భార్యను మధ్యలో పెట్టకుండా, "మరి టీవీ ఎప్పుడు తెద్దాం?" అని అడిగాడు.

పరమేష్ ఆశగా చూశాడు. గుర్వమ్మ వంకరగా వేసుకున్న కుర్చీలోంచి తన మెడ ఎటు ఉందో అటే చూస్తూ నవ్వు దాచుకుంది. దొడ్డిలో రెండో పొట్టేలు గుంజకు కట్టేసే ఉంది, బలంగా, కొమ్ములు తిరిగి. భాగ్యలక్ష్మి చాట పక్కన పెట్టింది. ఆయన దగ్గినప్పుడల్లా మోకాళ్లు లేవడానికి ఇంకా సిద్ధంగానే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, మామ ముఖంలోకి చూసి చెప్పింది.

"నీ ముందట కూసున్ననన్న ముచ్చట నాకు యాదికి రాని నాడు తెద్దాం, మామా."